వినాయకుడి అప్పగింతలు

మొన్న మా గల్లీ పిల్లలు నలుగురు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. అందరి మెడలో ఒకే రంగు కండువాలు, చేతుల్లో ఫోన్లు. వినాయకుడి పండుగకు ఏ పొద్దు ఎవరి పాట, ఎవరి ఆట అన్నది రాసుకుంటున్నారట.

"అవ్వా, ఈసారి డీజే పెద్దది తెస్తున్నం. లైటింగ్ గూడ మస్తుంటది. మీ ఆడోళ్ళ పాటకు ఐదు నిమిషాలు పెట్టినం. యాంకర్ పేరు పిలిచినంక స్టేజి ఎక్కాలె," అన్నాడు ముందున్నవాడు.

"ఐదు నిమిషాలు ఇయ్యమని నిన్ను ఎవలడిగిండ్రురా?" అన్నాను.

వాడికి నా కోపం అర్థం కాలేదు. "పది చెయ్యాల్నా అవ్వా?" అన్నాడు పాపం, బేరం కుదిరిస్తున్నట్టు.

నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. కూర్చోబెట్టి చాయ్ పోసి, మా సంగతి ఆ కాగితంలో రాయవద్దని చెప్పి పంపాను. మా పాట పట్టీలో ఎన్నడూ లేదు. ఎవరూ పిలవకుండా, ఎవరూ ఒప్పుకోకుండా మొదలైంది. మొదలైన నాడు మైకు పట్టుకుని ట్రాలీ మీద నిలబడింది నేనే. చూసినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు కాబట్టి నేనే చెప్పాలి.

అప్పుడు నాకు పదేళ్ళుంటాయి. మా లంబాడీ తాండా పెద్ద కొడప్‌గల్ దగ్గర. వానలు లేక భూమి పండని ఒక ఏడు మా నాయిన బాన్సువాడకు వచ్చి రైసుమిల్లులో బస్తాలు మోసే పనికి కుదిరాడు. ఆయన వెనక ఇంకో ఐదు కుటుంబాలు వచ్చాయి. మిల్లు వెనక గల్లీలో అందరం ఒక్కో అర్ర కిరాయికి తీసుకున్నాం. గల్లీ అంతా ఉడికిన వడ్ల ఆవిరి వాసన. పొద్దున లేస్తే ఊక దుమ్ము కండ్లల్లో, జొన్న రొట్టె మీద, ఆరేసిన బట్టల మీద. చుట్టాలు వస్తే ముక్కు మూసుకునేవాళ్ళు. మాకు మాత్రం ఆ వాసన వస్తేనే నాయినకు పని ఉన్నట్టు లెక్క. రాకపోతే యాడి ముఖం వాడిపోయేది. యాడి అంటే మా ఇంటి భాషలో అమ్మ.

ఇంట్లో మా భాష, గడప దాటితే తెలుగు. ఈ రెండింటి మధ్య నేను పెద్ద గోడ కట్టుకున్నాను. బడిలో పిల్లలు "మీ ఇంట్ల ఏం మాట్లాడుతరే?" అంటే "తెలుగే" అని ముఖం మీద అబద్ధమాడేదాన్ని. ఎందుకంటే మా వాళ్ళ మాట ఎవరైనా అనుకరిస్తే తరగతి తరగతంతా పడీపడీ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే ఒక్కటి పీకాలనిపిస్తుంది. తెలుగు పద్యాలు, ప్రార్థనలు మాత్రం రాగం తీసి పాడేదాన్ని. సార్లు మెచ్చుకునేవాళ్ళు.

ఆ గల్లీలో వినాయకుడి పండుగ అంటే పాటల పండుగే. పెద్దరికమంతా కాకది. ఊరంతా ఆయనను కాక అనే పిలిచేది. కోటగిరి వైపు కాలువ కింద వరి, చెరకు పండించే పటేళ్ళ ఇల్లు ఆయనది. పిల్లల చదువుల కోసం బాన్సువాడలో మేడ కట్టుకున్నాడు. మైకు చేతికొస్తే ముందు మూడుసార్లు ఉఫ్ ఉఫ్ అని ఊది, ఆ తర్వాత దగ్గి, ఆ తర్వాత మాట్లాడేవాడు. చెడ్డవాడని నేననను. పందిరి దగ్గరికి పోయిన ఏ పిల్లనూ శనగ గుడాలు పెట్టకుండా పంపేవాడు కాదు. కానీ గల్లీలో ఆకు కదలాలన్నా ఆయన చెప్పాలి.

పదకొండు పొద్దులూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పాటలు మొదలయ్యేవి. ఒక్కో పొద్దు ఒక్కరి వంతు. పటేళ్ళ ఊరి నుంచి చిరుతల భజన వాళ్ళు వచ్చి, చెక్కలు కొట్టుకుంటూ గుండ్రంగా తిరుగుతూ దుమ్ము లేపేవాళ్ళు. ఒక పొద్దు మహారాష్ట్ర సరిహద్దు నుంచి తాళాలు మెడకు కట్టుకుని మరాఠీ భజన వాళ్ళు. మాట ఒక్కటి అర్థం కాకపోయినా గల్లీ అంతా చప్పట్లు కొట్టేది. ఇంకో పొద్దు ఒగ్గు కథ. అందులో ఆడ వేషం కట్టినాయన మీసం ముసుగులోంచి కనపడుతుంటే మేము కిందపడి దొర్లేవాళ్ళం. ఇక బ్యాండు మేళం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎర్ర కోట్ల మీద బంగారు రంగు గుండీలు. వాళ్ళ పెద్ద బూర నోట్లో ఒకనాడు నేను పిడికెడు గుడాలు పోశాను. ఆయన బుగ్గలు ఉబ్బించి ఎంత ఊదినా బర్రె దగ్గినట్టు చప్పుడు. తలకిందులు చేసి దులిపితే గుడాలన్నీ రాలి ఆయన చెప్పుల్లో పడ్డాయి. "ఏ బద్మాష్ పోరి చేసిందో గని..." అని వెంటపడితే మిల్లు ఊక కుప్ప వెనక దాక్కున్నాను. ఒళ్ళంతా దురద రెండు రోజులు పోలేదు.

అందరికీ వంతు ఉంది. మాకు లేదు. పందిరి ముందు రోజూ ఊడ్చి సాన్పి చల్లేది మా ఆరిళ్ళ ఆడవాళ్ళే. మక్క కంకులు, చెరకు గడలు మోసుకొచ్చి పందిరికి కట్టేది మా మగవాళ్ళే. పాటలు మొదలయ్యే వేళకు మాత్రం మేము వెనక గోడకు ఆనుకుని నిలబడాలి.

ఆ ఏడు మరాఠీ భజన జరిగిన మర్నాడు యాడి చీపురు పక్కన పెట్టి తిన్నగా కాక దగ్గరికి పోయింది. నేను గుడాల కోసం అక్కడే ఉన్నాను.

"కాకా, అందరి పాటలైతున్నయి. తాండోళ్ళం ఆరిండ్లోళ్ళం ఉన్నం. మాకు గూడ ఒక్క పొద్దు ఇయ్యి."

"ఏం పాడుతరు?"

"మా పాటలు. పళ్ళెం కొట్టుకుంట పాడుతం."

కాక నవ్వాడు. "మీ భాష ఎవలికి సమజైతది? మందికి కాదు. దేవునికి గూడ కాదు."

చుట్టూ ఉన్నవాళ్ళు పకపక నవ్వారు. ఆ నవ్వులు ఆగేదాకా యాడి ఓపిక పట్టింది.

"మందికి కాకపోతే కాకపాయె. నిన్నటి మరాఠీ ఎవలికి సమజైంది? దేవునికి సమజ్ కాకపోతే ఆయన దేవుడెట్లైతడు కాకా?"

ఎవరూ నవ్వలేదు.  కాక దారి దొరక్క అటూ ఇటూ చూస్తుంటే నేను కనపడ్డాను.

"గీ పిల్ల నీ బిడ్డనే గద? బడిల ప్రార్థన మంచిగ పాడుతదంట. ఆఖరు పొద్దు నిమజ్జనానికి దేవుణ్ణి లేపేటప్పుడు మైకుల పాడనీ. తెలుగు పాట. నీ మాట పోకుండ, నా మాట పోకుండ."

నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. మైకు! గల్లీ మొత్తం వినేట్టు! యాడి అడిగింది ఒకటి, వచ్చింది ఇంకొకటి అన్న ఆలోచన నాకు రానే లేదు. ఎగురుకుంటూ ఇంటికి పోయాను.

ఇంట్లో నాయిన యాడిని కోప్పడ్డాడు. "ఊకోరాదే. నీళ్ళల్ల ఉండి మొసలితోని కొట్లాట పెట్టుకుంటమా?"

"ఆయన మొసలేంది? చేతిల మైకుంది, గంతే," అంది యాడి, రొట్టె తడుతూనే.

నేనూ నాయిన పక్షమే. "నువ్వు పాడితే అందరు నవ్వుతరు యాడీ. నేను పాడుతున్న గద," అన్నాను.

యాడి రొట్టె పెనం మీద వేసి నా వైపు తిరిగింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. "నవ్వేటోళ్ళను నవ్వనీ. నువ్వు పాడు, మంచిగ పాడు. నాది నేను పాడుకుంట," అంది. ఆ తర్వాత వారం రోజులు ఆ మాటే ఎత్తలేదు. నేను మాత్రం నీళ్ళ బిందె ముందు కూర్చుని, గొంతు మార్మోగేట్టు దాంట్లోకి పాడుతూ నేర్చుకున్నాను.

పదకొండో పొద్దు మధ్యాహ్నం యాడి మంచం కింది ఇనుప పెట్టె లాగింది. అందులో తాండా బట్టలు, వేపాకు వాసన. బాన్సువాడకు వచ్చినప్పటి నుంచి చీరే కట్టేది. ఆ రోజు అద్దాల రవిక తొడిగింది, కుచ్చులు కుచ్చుల గేర్ల లంగా కట్టింది, చేతుల నిండా తెల్ల గాజులు వేసింది. మిగిలిన ఐదిళ్ళ ఆడవాళ్ళూ అట్లాగే వచ్చారు. ఎండ పడి అద్దాలు గోడల మీద తళతళలాడాయి. నేను తెల్ల గౌను వేసుకుని వాళ్ళకన్నా ఇరవై అడుగులు ముందు నడిచాను, వాళ్ళు నావాళ్ళని ఎవరూ అనుకోకుండా. సిగ్గులేని పిల్లను అనుకోండి, అభ్యంతరం లేదు.

ట్రాక్టరు ట్రాలీకి అరటి పిలకలు కట్టారు. విగ్రహాన్ని ఎక్కించారు. పక్కన నన్ను నిలబెట్టి కాక మైకు చేతికిచ్చాడు. బ్యాండు మేళం ఊదీ ఊదీ హారతి వేళకు ఆగింది. కొబ్బరికాయ కొట్టారు. "పాడు బిడ్డా," అన్నాడు కాక.

నేను ఊపిరి తీసుకున్నాను. నోరు తెరిచేలోపల కింది నుంచి యాడి గొంతు లేచింది.

ఢావ్లో. మా తాండాల్లో పెళ్ళికూతురు అత్తవారింటికి పోయేనాడు పాడే పాట. పాట అనాలో ఏడుపు అనాలో తెలియని వాళ్ళకు తెలియదు. ఆడవాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసి, తలలు ఆనించి, పుట్టింటి మనుషులను, గొడ్డుగోదను వరుసగా పేరు పెట్టి తలుచుకుంటూ రాగం తీస్తారు. కండ్లల్లోంచి నీళ్ళు కారుతూనే ఉంటాయి, రాగం తెగదు. అది అయిపోయేదాకా పెళ్ళికూతురు బండి కదలడానికి వీల్లేదు. పండుగ రోజు, నడి గల్లీలో, దేవుడి ముందు యాడి ఆ పాట ఎత్తుకుంది.

 "అయ్యో, ఎవలికేమైందే?" అని అరుగుల మీది ముసలమ్మలు లేచి నిలబడ్డారు. ట్రాక్టరు నడిపేవాడు భయపడి ఇంజను బంద్ చేశాడు.

"ఏయ్, బంద్ చెయ్యిండ్రి!" కాక ముఖం ఎర్రబడింది. "పండుగ పూట గీ ఏడుపేంది? పీనుగ లేసినట్టు!"

యాడి తల ఎత్తింది. చెంపల మీద నీళ్ళు అట్లాగే ఉన్నాయి. 

"పదకొండు పొద్దులు మా వాకిట్ల ఉన్నడు కాకా. పొద్దున లేస్తే ఆయన ముందలనే ఊడ్సినం, ఆయన ముందలనే సాన్పి సల్లినం. ఇంట్ల పెరిగిన బిడ్డను పంపినట్టు పంపుతున్నం. బిడ్డను పంపేటప్పుడు మీరు బ్యాండు కొట్టుకుంట నవ్వుతరేమో. మేం ఏడుస్తం. మాకు గిదే మర్యాద."

మళ్ళీ తల వంచి పాట అందుకుంది. ఆరు గొంతులు ఒక్కటయ్యాయి. తాండా నుంచి వచ్చిన ఇద్దరు ముసలవ్వలు కూడా కలిశారు.

కాక ట్రాలీ దగ్గరికి ఉరికొచ్చాడు. "పాడు పిల్లా! మైకుల గట్టిగ పాడు. వాళ్ళది వినవడొద్దు!"

చేతిలో మైకు. ఎదురుగా గల్లీ మొత్తం, అందులో మా తరగతి పిల్లలు ఆరుగురు. కింద మా యాడి. నేను తెలుగు పాట ఎత్తుకున్నాను. అవును, ఎత్తుకున్నాను, దాచడమెందుకు? ట్రాలీకి కట్టిన మైకు భోంగాలో నా గొంతు గల్లీ దాటి మిల్లు దాకా పోయింది. యాడి గొంతు వినపడలేదు. పెదవులు కదలడం మాత్రం కనపడింది. ఆమె నా వైపు చూడలేదు, పాట ఆపనూ లేదు. మైకును, నన్ను, కాకను, ఎవరినీ ఖాతరు చేయకుండా పాడుతూనే ఉంది.

రెండో చరణం దగ్గరికి వచ్చాను. మా అమ్మ పాటను మా అమ్మ కడుపున పుట్టిన నేనే తొక్కేస్తున్నాను. అది అప్పుడు సమజైంది నాకు. తెలుగు పాట ఆగిపోయింది. ఆగిన నోట్లోంచి, నేను అనుకోకుండానే, ఢావ్లో వచ్చింది. మైకులో.

ఇది మా వాళ్ళలో కూడా తప్పే. పెళ్ళి కుదిరిన పిల్లకే ముసలవ్వలు ఆ పాట కూర్చోబెట్టి నేర్పుతారు. అంతకుముందు పిల్లలు పాడకూడదు, అరిష్టం అంటారు. నేను తాండా పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ కొంగుల చాటున దాక్కుని విని నేర్చుకున్నాను. ఎవరికీ తెలియదు. ఆ దొంగ చదువు ఆ రోజు భోంగాలోంచి బయటపడింది.

కింద పాట ఆగిపోయింది. కాక అరిస్తే ఆగని పాట, నేను పాడితే ఆగింది. తాండా ముసలవ్వలు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. యాడి ఆడవాళ్ళను విడిపించుకుని గబగబా ట్రాలీ దగ్గరికి వచ్చింది. చక్రం మీద కాలు పెట్టి ఎక్కింది. ఈసారి చెంప పగలడం ఖాయం అనుకుని కండ్లు మూసుకున్నాను.

"తప్పు పాడుతున్నవ్," అంది మా భాషలో. "ముందుగల యాడి, దాని ఎనక నాయిన, దాని ఎనక అన్నదమ్ములు. ఆవు ఆఖరికి వస్తది. నాయినను ఇడిసిపెట్టి ఆవును తలుసుకుంటవా? నా ఎనక అను."

ఆ మాటలన్నీ మైకులో వినపడ్డాయి. మా ఆరిళ్ళ మగవాళ్ళు గొల్లున నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది మా నాయిన. గల్లీ వాళ్ళు అదీ పాటలో భాగమే అనుకుని గంభీరంగా విన్నారు.

ఆమె ఒక వరుస, నేను ఒక వరుస. కింద మిగిలిన వాళ్ళు అందుకున్నారు. కాక మైకు వైరు పీకడానికి వంగాడు. అప్పుడు ఆయన భార్య పటేలమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. ఆ ఎండాకాలమే ఒక్కగానొక్క ఆడబిడ్డకు పెళ్ళి చేసి పంపింది. అప్పగింతల నాడు ఏడవబోతే నలుగురిలో ఏందిదని కాక కసిరాడట. ఆ సంగతి గల్లీ ఆడవాళ్ళందరికీ తెలుసు.

"వైరు ముట్టకుండ్రి," అంది మొగుడితో. "పాడనియ్యిండ్రి వాళ్ళను."

అని వచ్చి మా వాళ్ళలో నిలబడింది. పట్టుచీర నలిగిపోతున్నా చూసుకోకుండా, పక్కనున్న మా హమాలీ ఇంటి ఆడమనిషి భుజం మీద తల పెట్టి బోరుమంది. ఒక్క ముక్క అర్థం కాలేదు ఆమెకు. ఏడవడానికి ఏ ముక్కలు కావాలి?

పాట పూర్తయ్యేదాకా ట్రాక్టరు కదలలేదు. అయ్యాక యాడి కండ్లు తుడుచుకుని, విగ్రహం పాదాల దగ్గర మా ఆచారం ప్రకారం కొన్ని గోధుమ గింజలు పెట్టి, "ఇగ పోనియ్యి బిడ్డా" అంది డ్రైవరుతో. బ్యాండు మేళం మళ్ళీ అందుకుంది. కాలువ దాకా మా వాళ్ళు ఎగురుకుంటూ పోయారు. ఏడ్చినంత సేపు ఏడ్చి, ఆ తర్వాత ఆడకపోతే కూడా మాలో తప్పే.

కాక మనసు మారిందని మీరనుకుంటే పొరపాటు. మరుసటి ఏడు రెండు బ్యాండు మేళాలు పెట్టించాడు, హారతికి కూడా ఆగవద్దని చెప్పి. యాడి తాండా నుంచి ట్రాక్టరు నిండా ఆడవాళ్ళను దింపింది. రెండు మేళాల వాళ్ళూ ఊది ఊది ఆయాసపడి ఆగారు. మా వాళ్ళు ఆగలేదు. మూడో ఏడు ఆయన ఒక మేళమే పెట్టించి, ఆ వేళకు ఇంట్లో పని ఉందని లోపలికి పోయాడు. ఆయన ఎన్నడూ సరే అనలేదు. మేము ఎన్నడూ మళ్ళీ అడగలేదు.

ఆ మొదటి ఏడు, నిమజ్జనం అయిన మర్నాడు బడికి పోనని మొండికేశాను. యాడి బలవంతంగా జడ వేసి పంపింది. ప్రార్థన అయ్యాక సారు నన్ను లేపాడు. పిల్లలు అప్పటికే కిసుక్కుమంటున్నారు.

"నిన్న మైకుల ఏడ్చింది నువ్వేనా?"

తరగతంతా నవ్వింది. ఈసారి నేను నవ్వలేదు.

"ఏడ్వలే సార్. పాడిన."

"ఏం భాషల?"

"మా ఇంటి భాషల. మా యాడి నేర్పింది."

నేర్పింది అన్నది పూర్తి నిజం కాదు, సగం నేను దొంగిలించింది, సగం ట్రాలీ మీద దిద్దించుకున్నది. సారు కూర్చోమన్నాడు. పక్క పిల్ల నాకు దూరంగా జరిగింది. జరిగితే జరగనీ అనుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎవరూ నాతో మాట్లాడలేదు. నేను మాత్రం లోలోపల ఆ వరుస తప్పిపోకుండా చెప్పుకుంటూ కూర్చున్నాను. యాడి, నాయిన, అన్నదమ్ములు, ఆవు.

ఇప్పుడు యాడి లేదు, కాక లేడు, మిల్లు కూడా మూతబడింది. పిల్లలు వాళ్ళ డీజే పెట్టుకోనీ, నాకేం ఫికర్ లేదు, నా మనవరాళ్ళు దాని ముందే ఎగురుతారు. కానీ దేవుణ్ణి లేపే వేళకు మేము పోతాం. పేరు పిలిచినా పోతాం, పిలవకపోయినా పోతాం. మా మనవరాళ్ళకు పెళ్ళి కుదిరేదాకా ఆగకుండా ఇప్పుడే నేర్పిస్తున్నాను. అరిష్టం అంటే ఏమిటో నాకు తెలుసు. అమ్మ పాడుతుంటే వినపడకుండా చేయడమే అరిష్టం. అది ఒక్క చరణం సేపు నేను చేశాను, ఇక నా ఇంట్లో ఎవరినీ చేయనివ్వను.